గోడ జరపడం, చాప పరచడం: టికింటర్ గ్రిడ్‌లో చిక్కు ఎక్కడ పడుతుంది

మా బాబాయికి ఎరువుల కొట్టుంది. అప్పు పద్దులు రాసుకోవడానికి చిన్న ప్రోగ్రాం కావాలంటే పైథాన్‌లో, తెర మీద విండోలు తయారుచేసే టికింటర్‌తో నేనే రాసిచ్చాను. రైతు పేరు, ఊరు, ఫోన్, తీసుకున్న సరుకు, మొత్తం, కింద మూడు బటన్లు. నా ల్యాప్‌టాప్‌లో చక్కగానే కనిపించింది. కొట్లో కొత్తగా కొన్న పెద్ద మానిటర్ మీద విండోని ఫుల్ స్క్రీన్ చేయగానే ఫోనొచ్చింది. "ఒరేయ్, పెట్టెలన్నీ ఎడమ పక్క పై మూలకి పోయి కూర్చున్నాయిరా. మిగతా తెరంతా ఖాళీయే. ఇంత జాగా ఉండి ఊరి పేరు పూర్తిగా కనపడట్లేదు!"

ఆ రాత్రి నేను చేసింది ఈ చిక్కులో పడ్డవాళ్ళు ఎక్కువమంది చేసేదే. ఎక్కడో "స్టికీ" (పెట్టె ఏ అంచులకి అతుక్కోవాలో చెప్పే మాట) పెట్టమని చదివి ప్రతి పెట్టెకీ స్టికీ తగిలించాను. ఏమీ మారలేదు. స్టికీ తీసేసి కాలమ్‌కి వెయిట్ (మిగిలిన చోటులో వాటా) ఇచ్చాను. ఈసారి పెట్టెలు కదిలాయి గానీ పెద్దవి కాలేదు, ఖాళీ మధ్యలో అలాగే తేలుతూ నిలబడ్డాయి. రెండూ కలిపి పెట్టాను. అప్పుడూ పని జరగలేదు, ఎందుకంటే ఆ పెట్టెలున్న ఫ్రేము, అంటే వాటిని ఒక గుంపుగా ఉంచే చట్రం, ఇంకో ఫ్రేములో ఉంది. చివరికి పెట్టాల్సిన చోటల్లా పెట్టేసరికి ఫారం బాగుపడింది గానీ, ఎందుకు బాగుపడిందో నాకు తెలియలేదు. అది తెలియడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. అది ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

పైథాన్‌తో పాటే వచ్చే టికింటర్ నిజానికి టీకే అనే పాత టూల్‌కిట్‌కి పైథాన్ తొడుగు. టీకేని అమెరికాలో బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్, తాను రాసిన టికిల్ భాషకి తోడుగా తయారు చేశాడు. మొదట్లో అందులో విడ్జెట్లని, అంటే లేబుళ్ళు, పెట్టెలు, బటన్ల వంటివాటిని, అమర్చడానికి రెండే దారులు. ఒకటి ప్లేస్, అంటే ఇన్ని పిక్సెళ్ళు ఇటు, ఇన్ని పిక్సెళ్ళు కిందికి అని కొలిచి పెట్టడం. రెండోది ప్యాక్, అంటే పెట్టెలో సామాను సర్దినట్టు ఒక్కోదాన్ని ఒక్కో అంచుకి నెట్టుకుంటూ పోవడం. రోలు (అడ్డ వరసలు), కాలమ్‌లు (నిలువు వరసలు)గా అమర్చే గ్రిడ్ 1996లో టీకే 4.1తో వచ్చింది. పేరూ పెట్టే ఒక వరసలో, వాటి కింద మరో పేరూ మరో పెట్టే, అన్నీ ఒకే గీతలో నిలబడాలి అనుకునే ఫారాలకి ప్యాక్‌తో పడే అవస్థ గ్రిడ్‌తో తీరిపోయింది.

అడిగేది కిందినుంచి, ఇచ్చేది పైనుంచి

గ్రిడ్ అనగానే మనకి లెక్కల పుస్తకంలో గళ్ళ కాగితం గుర్తొస్తుంది. ముందే గళ్ళు గీసి ఉంటాయి, మనం వాటిలో విడ్జెట్లు పెడతాం అనుకుంటాం. సగం తికమక ఇక్కడే మొదలవుతుంది. టీకే గ్రిడ్‌లో ముందుగా గీసిన గళ్ళేమీ ఉండవు. విడ్జెట్లు వచ్చాకే, వాటి అవసరాన్ని బట్టి గీతలు పడతాయి.

ఎలాగో చూద్దాం. ప్రతి విడ్జెట్‌కీ తనకెంత చోటు కావాలో ఒక లెక్క ఉంటుంది. లేబుల్ అయితే తనలోని మాటలు, ఫాంటు సైజు బట్టి. ఒక లైను రాసుకునే ఎంట్రీ పెట్టె అయితే, మనమేమీ చెప్పకపోతే, 20 అక్షరాల వెడల్పు. పెద్ద టెక్స్ట్ పెట్టె అయితే 80 అక్షరాల వెడల్పు, 24 లైన్ల ఎత్తు. బటన్ అయితే తన మీది మాట, దాని చుట్టూ కాస్త జాగా. గ్రిడ్ ఒక్కో కాలమ్‌లో ఉన్న విడ్జెట్లన్నిటినీ అడిగి, అందరిలోకీ ఎక్కువ అడిగినదాని వెడల్పునే ఆ కాలమ్ వెడల్పుగా తీసుకుంటుంది. రో ఎత్తూ అంతే. కాలమ్‌లన్నీ కలిపితే వచ్చిన మొత్తాన్ని ఆ ఫ్రేము తన అవసరంగా పైవాడికి చెబుతుంది. ఆ పైవాడు తన పైవాడికి. ఇలా పోయి పోయి విండో దగ్గర ఆగుతుంది.

ఇది అడిగే దశ. ఇప్పుడు విండోకి అసలు సైజు ఎంతో తేలుతుంది. మనమేమీ చెప్పకపోతే అడిగినంతే ఇస్తుంది. అందుకే టికింటర్ విండోలు తెరవగానే ఒంటికి కుట్టించిన చొక్కాలా సరిగ్గా సరిపోతాయి. కానీ వాడేవాళ్ళు మౌస్‌తో అంచు పట్టి లాగితే, లేదా మనమే జామెట్రీ అని 800 బై 600 రాసిపెడితే, ఆ క్షణం నుంచి విండో కిందివాళ్ళ మాట వినడం మానేస్తుంది. తర్వాత ఎన్ని బటన్లు చేర్చినా అది పెరగదు. బటన్ పెట్టాను గానీ కనిపించడం లేదని కంగారుపడేవాళ్ళు ముందు ఈ జామెట్రీ లైను ఉందేమో చూసుకోవాలి. దానికి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే విండో మళ్ళీ మాట వినడం మొదలుపెడుతుంది.

సైజు తేలాక ఇచ్చే దశ. విండో తన దగ్గరున్న చోటుని కిందికి పంచుతుంది. అడిగిన మొత్తం కంటే ఎక్కువ చోటుంటే ఆ మిగులు ఎవరికి? దీనికి జవాబే వెయిట్. కాలమ్‌కి డిఫాల్ట్ వెయిట్ సున్నా. అంటే "నేను అడిగినంత చాలు, మిగులు నాకొద్దు" అని. అన్ని కాలమ్‌లూ వద్దన్నప్పుడు ఆ మిగులంతా ఎవరికీ చెందకుండా పోతుంది, గ్రిడ్ మొత్తం పై ఎడమ మూలన ఆగిపోతుంది. బాబాయి మానిటర్ మీద జరిగింది అక్షరాలా ఇదే. టీకే తప్పు చేయలేదు. మిగులు ఎవరికివ్వాలో నేను చెప్పలేదు, అది ఎవరికీ ఇవ్వలేదు.

వెయిట్ పంచేది మిగులునే, మొత్తాన్ని కాదు

ఇక్కడ ఒక్క లెక్క వేసి చూస్తే చాలా సందేహాలు తీరతాయి. మూడు కాలమ్‌లున్నాయి. మొదటిది లేబుళ్ళది, 120 పిక్సెళ్ళు అడిగింది. రెండోది ఎంట్రీలది, 180. మూడోది వెతుకు బటన్‌ది, 60. మొత్తం 360. విండోని లాగి 660 చేశాం. మిగులు 300.

వెయిట్‌లు 0, 1, 0 అని ఇస్తే మిగులు 300 మొత్తం మధ్య కాలమ్‌కే పోతుంది. 120, 480, 60. డేటా నింపే ఫారాలకి తొంభై పాళ్ళు ఇదే కావాలి. లేబుల్ వెడల్పైతే ఎవరికి లాభం?

ఇప్పుడు 1, 2, 0 అని ఇద్దాం. చాలామంది ఇక్కడ మొదటి కాలమ్‌కి రెండింతలు రెండో కాలమ్ వస్తుందని ఆశిస్తారు. రాదు. 300లో మొదటిదానికి 100, రెండోదానికి 200 కలుస్తాయి. అంటే 220, 380, 60. ఒకటికి రెండు నిష్పత్తిలో పంచింది మిగులుని మాత్రమే. అసలు అడిగినది ఎవరిది వాళ్ళకే ఉంటుంది. అన్నదమ్ములకి ఉన్న స్థలాలు అలాగే ఉంచి, కొత్తగా కలిసొచ్చిన దాన్ని మాత్రమే వాటాలు వేసినట్టు.

నిజంగానే ఒకటికి రెండు వెడల్పు కావాలంటే యూనిఫాం అనే మాట ఉంది. ఆ రెండు కాలమ్‌లకీ యూనిఫాం దగ్గర ఒకే పేరు రాయాలి, ఏ పేరైనా సరే. అప్పుడు అవి ఒక జట్టు. వాటి వెడల్పులు ఎప్పుడూ వెయిట్‌ల నిష్పత్తిలోనే ఉంటాయి. మన లెక్కలో బటన్ 60 పోగా మిగిలిన 600ని పంచితే కచ్చితంగా 200, 400. ఓకే, క్యాన్సిల్ బటన్లు ఒకే సైజులో ఉండాలన్నా ఇదే దారి. అయితే ఒక షరతు. రెండో దానికి 180 చాలినా, మొదటిది 120 అడిగింది కాబట్టి జట్టులో దానికి 240 ఇవ్వాలి. అంటే గ్రిడ్ అడిగే మొత్తమే 360 నుంచి 420కి పెరుగుతుంది.

విండోని చిన్నది చేసినప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. 360 కావలసిన చోట 300 మాత్రమే ఉంటే, తక్కువైన 60ని కూడా వెయిట్ ప్రకారమే కోస్తుంది. 1, 2, 0 అయితే 100, 140, 60. సున్నా వెయిట్ ఉన్న కాలమ్ పెరగదు, తరగదు. అన్నీ సున్నా అయితే ఏదీ తగ్గదు, కుడి పక్కన ఉన్నవి విండో అంచు దాటి కనపడకుండా పోతాయి. "సేవ్ బటన్ మాయమైంది" అనే మాట వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే. మిన్‌సైజ్ ఇస్తే కాలమ్ దానికంటే సన్నబడదు.

గోడ వేరు, చాప వేరు

ఇక అసలు చిక్కుముడి. వెయిట్ 1 ఇచ్చాను, కాలమ్ పెరిగింది, మరి పెట్టె ఎందుకు పెరగలేదు?

గడిని ఒక గది అనుకోండి, విడ్జెట్‌ని అందులో వేసిన చాప అనుకోండి. వెయిట్ చేసేది గోడ జరపడం. గోడ జరిగితే గది పెద్దదవుతుంది. అంతమాత్రాన చాప దానంతట అది సాగదు. గది నడుమ ఎంతుందో అంతే ఉంటుంది. చాపని ఏ గోడల దాకా పరచాలో చెప్పేది స్టికీ.

స్టికీలో దిక్కులుంటాయి. ఎన్ అంటే ఉత్తరం, పై గోడ. ఎస్ కింది గోడ. ఈ (E) అంటే తూర్పు, కుడి గోడ. డబ్ల్యూ ఎడమ గోడ. ఏమీ ఇవ్వకపోతే విడ్జెట్ గది మధ్యలో ఉంటుంది. ఒక దిక్కిస్తే ఆ గోడకి ఆనుకుంటుంది. ఎదురెదురు దిక్కులు రెండూ ఇస్తే ఆ గోడ నుంచి ఈ గోడ దాకా సాగుతుంది. నాలుగూ ఇస్తే గది మొత్తం నిండుతుంది.

ఇప్పుడు నా మొదటి రాత్రి తంటాలు మళ్ళీ చూడండి. స్టికీ మాత్రమే పెట్టినప్పుడు చాపని గోడ దాకా పరిచాను, కానీ గది చాప అంతే ఉంది. తేడా ఎలా కనిపిస్తుంది? వెయిట్ మాత్రమే పెట్టినప్పుడు గది పెరిగింది, చాప నడుమ ఉండిపోయింది. రెండు ప్రశ్నలు వేర్వేరు. మిగులు ఏ కాలమ్‌ది అన్నది ఒకటి. కాలమ్‌కి దక్కిన చోట్లో విడ్జెట్ ఎలా కూర్చోవాలన్నది ఇంకొకటి. ఒకదానికి జవాబిచ్చి రెండోది కూడా అయిపోయిందనుకోవడమే చిక్కంతా.

ఈ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పాల్సిన చోటు కూడా వేరే. స్టికీ విడ్జెట్ సంగతి, కాబట్టి ఆ విడ్జెట్‌ని గ్రిడ్ చేసేటప్పుడే చెబుతాం. వెయిట్ కాలమ్ సంగతి, కాలమ్‌లు ఫ్రేమువి, కాబట్టి కాలమ్‌కాన్ఫిగర్ అని ఫ్రేముని పిలిచి చెప్పాలి. దీన్ని ఎంట్రీ మీద పిలిచినా టికింటర్ ఎర్రర్ ఇవ్వదు, ఊరుకుంటుంది. ఎంట్రీ లోపల ఉన్న, ఎవరూ వాడని కాలమ్‌కి వెయిట్ ఇచ్చినట్టు అవుతుంది. ఎర్రర్ రాదు కాబట్టి తప్పెక్కడో తెలియక గంటలు పోతాయి. నాకూ పోయాయి.

ప్యాడ్‌ఎక్స్, ప్యాడ్‌వై గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. అవి చాపకీ గోడకీ మధ్య వదిలే సందు. రెండు అంకెలు కలిపి ఇస్తే ఎడమకి ఒకటి, కుడికి ఒకటి వేర్వేరుగా వదలొచ్చు. పేరులో ముందు ఐ ఉన్నవి చాప లోపలి మందం.

ఒక్క తూము మూసి ఉన్నా నీళ్ళు రావు

కాలువ కింద వ్యవసాయం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పెద్ద కాలువ నిండా నీళ్ళున్నా, మధ్యలో ఒక్క తూము మూసి ఉంటే చివరి చేలకి చుక్క రాదు. విండోలో ఫ్రేము, ఆ ఫ్రేములో ఇంకో ఫ్రేము, అందులో ఎంట్రీ ఉందనుకోండి. విండో పెరిగితే ఆ మిగులు ఎంట్రీ దాకా రావాలంటే ప్రతి మెట్టులోనూ రెండు పనులూ జరగాలి. విండో తన కాలమ్‌కి వెయిట్ ఇవ్వాలి, పెద్ద ఫ్రేము స్టికీతో ఆ గడిని నింపాలి. పెద్ద ఫ్రేము తన కాలమ్‌కి వెయిట్ ఇవ్వాలి, చిన్న ఫ్రేము స్టికీతో నింపాలి. చిన్న ఫ్రేము తన కాలమ్‌కి వెయిట్ ఇవ్వాలి, ఎంట్రీ స్టికీతో నింపాలి. ఆరింటిలో ఏ ఒక్కటి మరిచినా అక్కడితో ఆగిపోతుంది.

ఎక్కువగా మరిచిపోయేది మొట్టమొదటిదే. విండోకి కూడా కాలమ్‌లుంటాయన్న ఆలోచన రాదు. లోపలి ఫ్రేములన్నిటికీ శ్రద్ధగా వెయిట్‌లు రాసి, అసలు విండోకి రాయకుండా వదిలేస్తాం.

ఎత్తుకీ ఇదే కథ, రోకాన్ఫిగర్ అని విడిగా చెప్పాలి. అయితే ఎంట్రీలని నిలువుగా సాగదీస్తే చూడ్డానికి బాగోదు. ఫారంలో ఎత్తు పెరగాల్సింది సాధారణంగా ఒక్కటే ఉంటుంది, పద్దుల పట్టికో, వివరాలు రాసే టెక్స్ట్ పెట్టో. ఆ రోకి మాత్రమే వెయిట్ ఇవ్వాలి. అలాంటిదేమీ లేకపోతే ఫారం అడుగున విడ్జెట్లేమీ లేని ఖాళీ రోకి వెయిట్ 1 ఇస్తే చాలు, మిగులంతా అది తీసుకుంటుంది, ఫారం పైన కుదురుగా ఉంటుంది. వెయిట్ లేని ఖాళీ రోలు, కాలమ్‌లు మాత్రం చోటేమీ తినవు. అందుకే నేను రోలకి 0, 10, 20 అని నంబర్లిస్తాను. రేపు మధ్యలో ఆధార్ నంబరు చేర్చమంటే 15 అని రాస్తే సరిపోతుంది, కిందివన్నీ మార్చక్కర్లేదు.

ఒకే గ్రిడ్డా, విడి ఫ్రేమా

ఒక గ్రిడ్‌లో అన్నీ పెట్టేయాలన్న ఆశ మొదట్లో అందరికీ ఉంటుంది. మొదటి దెబ్బ శీర్షికతో తగులుతుంది. పైన "రైతుల ఎరువుల అప్పు ఖాతా నమోదు" అని పెద్ద అక్షరాలతో లేబుల్ రాసి సున్నా కాలమ్‌లో పెడతాం. కాలమ్ వెడల్పు అందులో అందరికంటే ఎక్కువ అడిగినవాడిది కదా! ఆ శీర్షిక అంత వెడల్పూ సున్నా కాలమ్‌కి వచ్చేసి, ఎంట్రీలు ఎక్కడో దూరంగా పడతాయి. కాలమ్‌స్పాన్ 3 అంటే అది మూడు కాలమ్‌ల మీద పరుచుకుంటుంది, ఏ ఒక్కదాన్నీ సాగదీయదు. మూడూ కలిపినా దానికి చాలకపోతే, కావలసినంత మేర వెయిట్ ఉన్న కాలమ్ వెడల్పవుతుంది.

రెండో దెబ్బ బటన్లతో. సేవ్, క్లియర్, మూసెయ్ అనే మూడింటినీ 0, 1, 2 కాలమ్‌లలో పెడితే సేవ్ లేబుళ్ళ కిందికి, క్లియర్ ఎంట్రీల కిందికి పోయి చెల్లాచెదురుగా కనిపిస్తాయి. వాటికి పైనున్న లేబుళ్ళతో ఏ సంబంధమూ లేదు, ఎందుకు అదే గీతలో నిలబడాలి? మూడు బటన్లని విడి ఫ్రేములో పెట్టి, ఆ ఫ్రేముని అడుగున కాలమ్‌స్పాన్ 3తో, కుడి గోడకి ఆనించి పెడితే సరి. నేను పాటించే కొలబద్ద ఇదే. ఒకదాని కింద ఒకటి గీతలో నిలబడాల్సినవి ఒకే గ్రిడ్‌లో, అక్కర్లేనివి విడి ఫ్రేములో.

ఆ ఫ్రేము లోపల ప్యాక్ వాడినా ఇబ్బంది లేదు. ఒకే ఫ్రేములో కొన్నిటికి ప్యాక్, కొన్నిటికి గ్రిడ్ మాత్రం వాడకూడదు. గ్రిడ్ లెక్కవేసి ఫ్రేముకి ఒక సైజు చెబుతుంది, వెంటనే ప్యాక్ తన లెక్కతో ఇంకో సైజు చెబుతుంది, అది చూసి గ్రిడ్ మళ్ళీ లెక్కవేస్తుంది. పాత టీకేలో ఈ పోటీ ఎప్పటికీ తెగక ప్రోగ్రాం బిగుసుకుపోయేది. ఇప్పటి వెర్షన్లు ఎర్రర్ చూపించి ఆపేస్తాయి, బతికిపోయాం.

గ్రిడ్ అందం పూర్తిగా తెలిసేది స్క్రోల్‌బార్ల దగ్గర. టెక్స్ట్ పెట్టెని సున్నా రో, సున్నా కాలమ్‌లో నాలుగు దిక్కులా పరచండి. నిలువు స్క్రోల్‌బార్ దాని పక్క గడిలో, ఉత్తర దక్షిణాలకి. అడ్డ స్క్రోల్‌బార్ దాని కింది గడిలో, తూర్పు పడమరలకి. వెయిట్ 1 టెక్స్ట్ ఉన్న రోకీ కాలమ్‌కీ మాత్రమే. అంతే. రెండు బార్‌లూ కలిసే మూలన చిన్న చదరం ఖాళీగా మిగులుతుంది, మంచి ఎడిటర్లలో ఉన్నట్టే. ప్యాక్‌తో ఆ చిన్న చదరం తెప్పించాలంటే అదనంగా ఫ్రేములు కట్టాలి.

తెలుగు లేబుల్ వచ్చినప్పుడు

బాబాయి ఫారం మొదట ఇంగ్లీషులో చేశాను. కొట్లో గుమాస్తా అన్న కోసం లేబుళ్ళు తెలుగు చేయాల్సి వచ్చింది. మూడక్షరాల మాట ఉన్న చోట "తండ్రి లేదా భర్త పేరు" వచ్చి పడింది. పిక్సెళ్ళు కొలిచి ప్లేస్‌తో పెట్టి ఉంటే ఆ లేబుల్ పెట్టె కిందికి దూరిపోయేది, ఒక్కోదాన్నీ మళ్ళీ కొలుచుకోవాల్సి వచ్చేది. గ్రిడ్‌లో ఆ పొడుగు లేబుల్ ఎక్కువ చోటడిగింది, కాలమ్ దానికి తగ్గట్టు వెడల్పైంది, పెట్టెలన్నీ కలిసికట్టుగా కుడికి జరిగాయి. నేను ఒక్క అంకె మార్చలేదు. ఎత్తు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. వత్తులూ గుడులూ ఉన్న మన లిపికి ఇంగ్లీషు కంటే నిలువు జాగా ఎక్కువ కావాలి. లేబుల్‌కి నిర్మలా యూఐ లాంటి తెలుగు ఉన్న ఫాంటు పేరే నేరుగా ఇస్తే లేబుల్ ఆ ఫాంటు ఎత్తునే అడుగుతుంది, రో దాన్నిబట్టి వస్తుంది.

పొడుగు వాక్యాల దగ్గర మాత్రం గ్రిడ్ చేతులెత్తేస్తుంది. "అప్పు తీర్చే గడువు దాటితే వడ్డీ పడుతుంది" వంటి సూచనని లేబుల్‌లో పెడితే అది ఒకే లైనుగా అంత వెడల్పూ అడుగుతుంది. ఇంత వెడల్పిస్తే నీకెంత ఎత్తు కావాలి అని అడిగే పద్ధతి టీకేలో లేదు. అడగడం ఒక్కసారే, వెడల్పూ ఎత్తూ కలిపి. ర్యాప్‌లెంగ్త్ ఇస్తే ఆ పిక్సెళ్ళ దగ్గర లైను విరుగుతుంది, కానీ అది స్థిరమైన అంకె, విండో పెరిగినా మారదు. లేబుల్ సైజు మారినప్పుడల్లా వచ్చే కాన్ఫిగర్ ఈవెంట్‌ని పట్టుకుని, కొత్త వెడల్పుని మనమే ర్యాప్‌లెంగ్త్‌కి ఇవ్వాలి. జీటీకే అనే ఇంకో టూల్‌కిట్‌లో వెడల్పు చెప్పి ఎత్తు అడిగే పద్ధతి ఉంది, అందుకే అక్కడ ఈ బాధ లేదు.

వేరే ఊళ్ళలో ఇవే ప్రశ్నలు

ఏ టూల్‌కిట్‌కి వెళ్ళినా గోడ ప్రశ్న, చాప ప్రశ్న రెండూ ఉంటాయి. పేర్లూ, చెప్పకపోతే ఏం జరుగుతుందన్నదీ మారతాయి. జావా గ్రిడ్‌బ్యాగ్‌లేఅవుట్‌లో గోడకి వెయిట్‌ఎక్స్, వెయిట్‌వై. చాపకి ఫిల్, యాంకర్. రెండూ విడ్జెట్‌తో పాటే చెబుతారు. వెయిట్ ఇవ్వకపోతే అన్నీ విండో నడిమధ్యకి చేరి ముద్దలా కనిపిస్తాయి. బాబాయి ఫారం జావాలో రాసి ఉంటే ఫోన్‌లో "మూలకి" బదులు "మధ్యలోకి" అనేవాడు.

క్యూట్, డబ్ల్యూపీఎఫ్ అనే టూల్‌కిట్లలో ఎంట్రీ లాంటి పెట్టె ఏమీ చెప్పకుండానే గడి వెడల్పంతా పరుచుకుంటుంది. అక్కణ్ణుంచి టికింటర్‌కి వచ్చినవాళ్ళు స్టికీ మరిచిపోవడం అందుకే సహజం. డబ్ల్యూపీఎఫ్‌లో కాలమ్‌కి ఆటో అంటే అడిగినంత, నక్షత్రం గుర్తు అంటే వాటా. ఒక నక్షత్రం, రెండు నక్షత్రాలు అని ఇస్తే అది మిగులుని కాదు, ఆటో కాలమ్‌లూ కొలత చెప్పిన కాలమ్‌లూ పోగా ఉన్న చోటంతటినీ ఒకటికి రెండుగా పంచుతుంది. అంటే టీకే వెయిట్ కంటే యూనిఫాంకి దగ్గర. అక్కడి అలవాటుతో ఇక్కడ వెయిట్ 1, 2 రాసి లెక్క కుదరలేదని విసుక్కునేవాళ్ళని చూశాను.

నాకు బాగా నచ్చింది జీటీకే పద్ధతి. అక్కడ పెట్టెకే హెచ్‌ఎక్స్‌పాండ్ అని చెబుతారు. ఆ కోరిక పైనున్న ఫ్రేములకి దానంతట అదే చేరుతుంది. చివరి చేను నీళ్ళడిగితే పైనున్న తూములన్నీ వాటంతటవే తెరుచుకున్నట్టు.

ఏది తప్పిందో కనిపెట్టడం

టికింటర్‌లో లేఅవుట్ చెదిరినప్పుడు కోడ్ పదిసార్లు చదవడం కంటే ఫ్రేములకి రంగులేయడం మేలు. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్ ఇచ్చి విండోని లాగి చూడండి. ఎరుపు పెరిగి, దానిలోని పసుపు ఆగిపోయిందంటే మూసి ఉన్న తూము ఆ రెండింటి మధ్యే ఉంది. పసుపు పెరిగి లోపలి పెట్టె పెరగలేదంటే పసుపు ఫ్రేము కాలమ్‌కి వెయిట్ అన్నా లేదు, పెట్టెకి స్టికీ అన్నా లేదు.

పెట్టెని ఒకే లైనులో తయారుచేసి, అక్కడే చుక్క పెట్టి గ్రిడ్ చేసి, ఆ ఫలితాన్ని వేరియబుల్‌లో దాచుకునే అలవాటు ఉంటే మానేయండి. గ్రిడ్ తిరిగిచ్చేది ఏమీ లేదు, నన్ (None) అనే ఖాళీ విలువ మాత్రమే. తర్వాత పెట్టెలోని మాట చదవబోతే నన్‌కి గెట్ అనేది లేదంటూ ఎర్రర్ వస్తుంది. ముందు లైనులో తయారీ, తర్వాతి లైనులో గ్రిడ్.

ఇంకొక్కటి. గ్రిడ్ చేసిన వెంటనే ఇంత వెడల్పు వచ్చిందా అని విన్ఫో విడ్త్ అడిగితే 1 అని జవాబొస్తుంది. అడగడం, పంచడం అనే ఆ రెండు దశలూ ప్రోగ్రాం చేతిలో వేరే పని లేకుండా ఖాళీ అయ్యాకే నడుస్తాయి కాబట్టి. ముందు అప్‌డేట్ ఐడిల్‌టాస్క్స్ అని పిలిచి తర్వాత అడగాలి. విన్ఫో రెక్‌విడ్త్ అయితే వచ్చినదాన్ని కాదు, అడిగినదాన్ని చెబుతుంది. బాబాయి ఫారంలో చివరగా చేర్చింది ఈ రెండు లైన్లే. విండో మొత్తం ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అడిగిందో తెలుసుకుని, అంతకంటే చిన్నది కాకుండా విండోకి మిన్‌సైజ్ పెట్టాను. ఇప్పుడు ఎంత లాగినా ఊరి పెట్టె సాగుతుంది, ఎంత నొక్కినా సేవ్ బటన్ అంచు దాటి పోదు.